బైపీసీ అంటే డాక్టరు సీటు ఒక్కటేనా?

పదో తరగతి ఫలితాలు రాగానే మన సొసైటీ ఆఫీసు గుమ్మం ముందు చెప్పులు పెట్టుకోవడానికి చోటుండదు. స్కాలర్‌షిప్ ఫారాలు నింపడానికి తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని వస్తారు. ఆ ఫారంలో ‘ఏ గ్రూపు’ అని ఒక గడి ఉంటుంది. ఫారాల దొంతర తిరగేస్తే ఆ గడిలో ఒకటే మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది: ఎంపీసీ. ఇందులో వింతేమీ లేదు. మన హఫీజ్‌పేట్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అద్దాల మేడలు మేడ మీదికెక్కితే కనబడతాయి. ఆ మేడల్లోకి కార్లు నడుపుతూ, అక్కడి క్యాంటీన్లలో వంట చేస్తూ, కాపలా కాస్తూ వెళ్లే తండ్రికి తన బిడ్డ మెడలో ఐడీ కార్డుతో అదే గేటు దాటాలని ఉండదా?

ఒక అమ్మాయి మాత్రం ఆ గడిలో బైపీసీ అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. పక్కనే ఉన్న అబ్బా మమ్మల్ని అడిగారు: “డాక్టరు సీటు వస్తుందా భాయ్? రాకపోతే ఏం చేస్తుంది?” దానికి ఆనాడు మా దగ్గర సరైన జవాబు లేదు. “ఎంపీసీ అయితే దారులు ఎక్కువ” అని చెప్పి పంపించాం. ఆమె ఎంపీసీలో చేరింది. ఆ రోజు మేమిచ్చిన సలహా తొందరపాటుదని తర్వాత అనిపించింది. మన ఫారంలోనే ఆ పక్షపాతం ఉంది. కంప్యూటర్ కోర్సుకు సాయం అని ఒక గడి ఉంది, ల్యాప్‌టాప్ సాయం అని మరో గడి ఉంది. సైన్స్ ప్రయోగశాల అన్న మాట ఎక్కడా లేదు. అందుకే ఈ ఏడాది సంచికలో ఈ సబ్జెక్టు గురించి దాతలతో వివరంగా మాట్లాడదామనుకున్నాం.

ముందు విషయం ఏమిటో చూద్దాం. మన రాష్ట్రంలో పదో తరగతి వరకు జీవశాస్త్రం అందరూ చదవాల్సిందే. సైన్సులో భౌతిక రసాయన శాస్త్రం ఒక పేపరు, జీవశాస్త్రం ఒక పేపరు. ఆ జీవశాస్త్రం పుస్తకం పోషణతో మొదలై శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన, నియంత్రణ, ప్రత్యుత్పత్తి, అనువంశికత మీదుగా ‘మన పర్యావరణం’, ‘సహజ వనరులు’ అనే పాఠాలతో ముగుస్తుంది. అంటే మనిషి ఒంట్లో మొదలుపెట్టి ఆ మనిషి బతికే ఊళ్లోకి వచ్చి ఆగుతుంది. పదో తరగతి దాటాక ఇది ఎంచుకుంటేనే ఉండే సబ్జెక్టు. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవారికి వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం ఉంటాయి. ఇప్పటివరకు పిల్లలు చదువుతూ వస్తున్న తెలుగు అకాడమీ జంతుశాస్త్రం చూడండి. మొదటి ఏడాది చివర ఆవరణ శాస్త్రం, పర్యావరణం. రెండో ఏడాది మొదలు నుంచీ మానవ శరీర నిర్మాణం, దాని పనితీరు. మధ్యలో బొద్దింక మీద పెద్ద పాఠం ఒకటి ఉంది. పిల్లలు దాన్ని తిట్టుకుంటూ చదువుతారు గానీ నమూనాకు మన ఇళ్లల్లో కొదవ లేదు.

పర్యావరణం గురించి ఇంకో మాట. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఇచ్చిన తీర్పులో పర్యావరణాన్ని విద్యాసంస్థలన్నిటిలో తప్పనిసరిగా బోధించాలని చెప్పింది. 2003లో మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ పుణ్యమే మన ఇంటర్ మొదటి ఏడాదిలో ఏ గ్రూపువారైనా రాయాల్సిన పర్యావరణ విద్య పరీక్ష. పాసైతే చాలు, ఆ మార్కులు మొత్తంలో కలవవు. కలవని మార్కులకు ఎవరు చదువుతారు? పరీక్షకు ముందు రోజు నాలుగు పేజీల గైడు చూసి రాసేస్తారు. చట్టం తలుపు దాకా తెచ్చిన చదువు ఇంట్లోకి రాకుండానే పోతోంది.

ఇంట్లోకి వస్తే ఏమవుతుందో ఒక చిన్న సంగతితో చెబుతాం. వానాకాలం రాగానే హఫీజ్‌పేట్‌లో జ్వరాలు మొదలవుతాయి. డెంగీ అనగానే అందరి వేలూ కాయిదమ్మకుంట వైపు, మురుగు కాలువ వైపు వెళుతుంది. చెరువులో గుర్రపుడెక్క తీయించాలని, ఫాగింగ్ చేయించాలని మనమూ అర్జీలు రాశాం. రాయడం తప్పు కాదు. కానీ మురుగులోనూ, గుర్రపుడెక్క నిండిన నీళ్లలోనూ ఎక్కువగా పెరిగేది క్యూలెక్స్ జాతి దోమ. సాయంత్రం కాగానే కిటికీల మీద మూగేది అదే. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. దానికి ఇంట్లో నిలవ ఉన్న తేటనీళ్లు కావాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే బస్తీల్లో మనం నింపి పెట్టుకునే డ్రమ్ములు, మూత సరిగా లేని సంపులు, కూలర్ అడుగు, మేడ మీది పాత టైరు దానికి పుట్టిళ్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి నీళ్లు పారబోయమంటారు. మున్సిపాలిటీ వాళ్లు శుక్రవారం డ్రై డే అనేది ఇందుకే. మనకు జుమా రోజు ఇల్లు కడగడం అలవాటే కనుక గుర్తుపెట్టుకోవడమూ తేలిక.

అయితే పారబోస్తే సరిపోదు. ఏడిస్ దోమ గుడ్లను నీటి మీద కాకుండా డ్రమ్ము లోపలి గోడకు, నీటి మట్టానికి కాస్త పైన అంటిస్తుంది. డ్రమ్ము ఎండిపోయినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కనుక పీచుతో గోడ రుద్దాలి. ఈ ఒక్క ముక్క తెలిసిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో డ్రమ్ము కడిగే తీరే మారుతుంది. డ్రమ్ములోంచి ఒక గ్లాసు నీళ్లు తీసి వెలుగుకు పట్టి చూస్తే లార్వాలు కనబడతాయి. మలేరియాను మోసే అనాఫిలిస్ లార్వా నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని ఉంటుంది. ఏడిస్, క్యూలెక్స్ లార్వాలు తోక పైకి, తల కిందికి వేలాడతాయి. మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు, మంచి భూతద్దం చాలు.

దోమల పాఠం అసలు మన నగరం ప్రపంచానికి నేర్పిందే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. రాస్ పేరు చాలామందికి తెలుసు. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన రోగి పేరు హుస్సేన్ ఖాన్ అని తక్కువమందికి తెలుసు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున రాస్ ఆయనకు ఇచ్చాడు. ఇంటర్ పుస్తకంలో ప్లాస్మోడియం జీవితచక్రం చదివి బొమ్మ గీసే పిల్లలకు ఆ చక్రంలో ఒక సగం మన ఊరి మనిషి చేయి మీది నుంచి మొదలైందని చెప్పండి. ఆ బొమ్మ మళ్లీ మరిచిపోరు.

ఇంకొక సంగతి కొంచెం ఇబ్బందిగానే రాస్తున్నాం. మన ఇళ్లల్లో చిన్నాన్న కూతురిని, మేనత్త కొడుకును చేసుకోవడం మామూలే. మన హిందూ సోదరుల ఇళ్లల్లో మేనరికం ఉన్నట్టే. ధర్మం దాన్ని కాదనలేదు, మేమూ కాదనడం లేదు. కానీ థలసీమియా ఉన్న పిల్లలను చూసినవారికి మా మాట అర్థమవుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకుపోయే ఇనుమును తీయడానికి రోజూ మందు వాడాలి. ఆ జబ్బు తల్లిదండ్రుల్లో బయటకు కనబడదు. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, ఇద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి దాగి ఉంటుంది. అలాంటి ఇద్దరికి కలిగే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకే తాత నానమ్మల మనవలు అయినప్పుడు ఇద్దరిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. పెళ్లికి ముందు ఒక రక్త పరీక్షతో, హెచ్‌బీఏ2 పాళ్లు చూసి, ఇది తెలుసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరికి లేకపోతే బిడ్డకు ఆ తీవ్రమైన జబ్బు భయం ఉండదు. మన నగరంలోనే 1998 నుంచి థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ పిల్లల కోసం పనిచేస్తోంది.

ఇదంతా పదో తరగతి అనువంశికత పాఠంలోనే ఉంది. మెండల్ బఠానీ మొక్కలతో, పొడుగు పొట్టి లెక్కలతో ఉంది. మూడుకు ఒకటి నిష్పత్తి అని పిల్లలు రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ ‘ఒకటి’ రేపు తమ ఇంటి బిడ్డ కావచ్చునని ఎవరూ చెప్పరు. బైపీసీలో రెండేళ్లు జన్యుశాస్త్రం చదివిన అమ్మాయి ఖాందాన్‌లో ఒకరుంటే, నికా తేదీ మాట్లాడేటప్పుడు ఆ పరీక్ష మాట ఎత్తగలదు. పెద్దలు ముందు కసురుకుంటారు, తర్వాత వింటారు. మేమే చూశాం.

రక్తహీనత సంగతి ఇంకా సూటిగా ఉంది. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. మన ఇళ్లల్లో భోజనం కాగానే చాయ్ పడాల్సిందే. ఆ చాయ్‌లోని టానిన్లు తిన్న తిండిలోని ఇనుమును, ముఖ్యంగా ఆకుకూరల్లోంచి, పప్పుల్లోంచి వచ్చేదాన్ని ఒంటికి పట్టనివ్వవు. గంట ఆగి తాగితే మేలు. పాలకూరలో నిమ్మకాయ పిండితే ఇంకా మేలు. పోషణ పాఠం చదివిన పిల్ల అమ్మీకి ఈ రెండు మాటలు చెప్పడానికి డాక్టరు కానక్కర్లేదు.

ఇక ఒళ్లు వేరు, ఊరు వేరు కాదని చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ముంబై రోడ్డు మీద మియాపూర్, చందానగర్ దాటి వెళితే పటాన్‌చెరు. మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం అక్కడ ఉంది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనబడింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే పాళ్లకన్నా అది ఎక్కువ. ఆ నీళ్లలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా ఆ మందుకు లొంగనిదే అయి ఉంటుంది కదా. అటువంటి బ్యాక్టీరియా ఎవరి ఒంట్లోకైనా చేరితే డాక్టరు రాసిన మందు పనిచేయదు. ఈ వార్త అప్పట్లో ప్రపంచమంతా చదివింది. దాన్ని అర్థం చేసుకోవడానికి విసర్జన పాఠమూ కావాలి, పర్యావరణం పాఠమూ కావాలి. అమెరికా హైస్కూళ్లలో మామూలు జీవశాస్త్రం అయ్యాక మానవ శరీర శాస్త్రం, పర్యావరణ శాస్త్రం అని విడిగా ఎంచుకునే కోర్సులుంటాయి. అక్కడి మన బంధువుల పిల్లలను అడగండి. వారు డాక్టర్లు కావడానికే వాటిని తీసుకోరు. తెలుసుకోవడానికీ తీసుకుంటారు. మన దగ్గర నీట్ ర్యాంకు రాని బైపీసీని ఓటమిగా లెక్కేస్తాం.

ఆ అమ్మాయి అబ్బా అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకుందాం. సీటు రాకపోతే ఏం చేస్తుంది?

బైపీసీతో ఇంజినీరింగ్‌లోని చాలా బ్రాంచీలకు దారి మూసుకుపోతుంది. ఇది దాచకూడదు. లెక్కల మీద ప్రేమ ఉన్న పిల్లను బలవంతంగా ఇటు తేవద్దు. కానీ తెరిచి ఉండే దారులు మనం అనుకున్నన్ని తక్కువేమీ కావు. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ ఉన్నాయి. ఈఏపీసెట్ రాస్తే బీఫార్మసీ, వ్యవసాయం, పశువైద్యం వైపు వెళ్లవచ్చు. బీటెక్‌లో బయోటెక్నాలజీకి బైపీసీవారూ పోటీపడవచ్చు. మామూలు బీఎస్సీ చేసి మైక్రోబయాలజీ, జెనెటిక్స్ వైపు వెళ్లిన వారికి మన నగరంలోనే చోటుంది. హైదరాబాద్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. హెపటైటిస్-బి టీకాను దేశంలోనే తయారుచేసి 1997లో చౌకగా మార్కెట్లోకి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ ఇక్కడిదే. కోవాగ్జిన్ తయారైన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట వైపు ఉంది. సీసీఎంబీ హబ్సిగూడలో 1977 నుంచి ఉంది. హైటెక్ సిటీ మేడలు పక్కనే ఉండటంతో ఇవి మన కంటికి ఆనడం లేదు, అంతే.

డిగ్రీ దాకా ఆగలేని ఇళ్లున్నాయి. వారికి ఇంటర్ వొకేషనల్‌లో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, ఆడపిల్లలకు మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఉన్నాయి. రెండేళ్లు చదివి ఆస్పత్రిలో శిక్షణ పొందితే పనిలో చేరవచ్చు. బ్రిడ్జి కోర్సు పాసైతే పై చదువులకూ తలుపు తెరిచే ఉంటుంది. కాలేజీకి రోజూ వెళ్లలేని పిల్లలకు, పెళ్లయి చదువు ఆగినవారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది. అక్కడ సీనియర్ సెకండరీలో గ్రూపుల గోడ లేదు. జీవశాస్త్రం, పర్యావరణ శాస్త్రం రెండూ విడివిడి సబ్జెక్టులుగా ఉంటాయి, వాటి పక్కన గృహ విజ్ఞానమో ఉర్దూనో పెట్టుకోవచ్చు. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల జూనియర్ కాలేజీల్లోనూ బైపీసీ ఉంది. ఉర్దూ మీడియం పిల్లలకు మన పక్కనే గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. నీట్ కూడా ఉర్దూలో, తెలుగులో రాయవచ్చు.

భాష మాట వచ్చింది కనుక ఒక అనుభవం. ఆదివారం తరగతిలో ‘వృక్కం’ అంటే ఏమిటని అడిగితే పిల్లలు నోరు విప్పలేదు. మూత్రపిండం అన్నాం, కిడ్నీ అన్నాం, సగం చేతులు లేచాయి. గుర్దా అనగానే అందరూ నవ్వారు. గుర్దా, కలేజీ వాళ్లకు తవ్వా మీద తెలిసినవే. మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. ఇది బరువు అనుకుంటాం గానీ సరిగా వాడితే బలం. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలవడానికి ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి సైన్సు పుస్తకాలను అనువాదం చేయించిన నగరం మనది.

బక్రీద్ మనకు ఏటా వచ్చే శరీర శాస్త్ర పాఠం. మేక గుండెకు కూడా మన గుండెలాగే నాలుగు గదులు. ఖుర్బానీ అయ్యాక కసాయి భాయ్ గుండెను నిలువుగా కోసి చూపిస్తే ఎడమ జఠరిక గోడ ఎంత మందమో, కుడిది ఎంత పలుచనో పిల్ల వేలితో తడిమి తెలుసుకుంటుంది. కుడివైపు రక్తం పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పోవాలి, ఎడమవైపుది ఒళ్లంతా తిరగాలి. అందుకే ఆ తేడా. కుడి గది నుంచి ఎడమ గదికి రక్తం గోడలోంచి కారదని, ఊపిరితిత్తుల మీదుగా తిరిగి వస్తుందని 13వ శతాబ్దంలో రాసినవాడు డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్నుల్ నఫీస్. పొట్ట మాత్రం పోల్చవద్దు. నెమరువేసే మేకకు నాలుగు అరలు, మనకు ఒకటే.

ఇన్ని ఉన్నా లేనిది ఒకటే, ప్రయోగశాల. చిన్న చిన్న ప్రైవేటు బడుల్లో జీవశాస్త్రం ల్యాబ్ అంటే తాళం వేసిన బీరువా. గోడ మీద చార్టు ఉంటుంది, అందులోని కణాన్ని పిల్లలు కంటితో చూసి ఉండరు. ప్రాక్టికల్ పరీక్ష రోజు రికార్డు చూసి మార్కులు వేస్తారు. పిల్లలు ఉపయోగించే మైక్రోస్కోపు ధర మనం జేబులో పెట్టుకుని తిరిగే ఫోను ధరకన్నా తక్కువ. స్లైడులు, లోపలి గోడ దువ్వే చెంచా, అయోడిన్, పీహెచ్ కాగితాలు, భూతద్దాలు, గుండె, కిడ్నీ నమూనా బొమ్మలు, బీపీ చూసే పరికరం ఒకటి. ఇంతే. దీనికి గది కూడా విడిగా అక్కర్లేదు, ఆదివారం ట్యూషన్ జరిగే హాలులోనే రెండు బల్లలు చాలు. వానాకాలంలో పిల్లలను చెరువు గట్టుకు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్లడానికి ఒక బస్సు కిరాయి కావాలి.

దాతల్లో కొందరు ముందే అడుగుతారు కనుక జకాత్ సంగతి చెప్పేస్తాం. జకాత్ డబ్బు అర్హులైన వ్యక్తికి సొంతం చేసి ఇవ్వాలన్నది మన హనఫీ ఉలమాల మాట. కనుక ఆ మొత్తం బైపీసీ, వొకేషనల్ కోర్సుల్లో చేరే అర్హులైన పిల్లల ఫీజులకు, పుస్తకాలకు వారి పేరునే వెళుతుంది. మైక్రోస్కోపులు, బల్లలు అందరికీ చెందే సొత్తు కనుక వాటిని సదఖా, అతియా ఖాతా నుంచే కొంటాం. రెండు రసీదు పుస్తకాలు వేర్వేరుగా ఉన్నాయి. ఇచ్చేటప్పుడు ఏది దేనికో చెబితే చాలు.

డబ్బు ఒక్కటే కాదు, మనలో ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, నర్సులున్నారు, ఫార్మసిస్టులున్నారు, రిటైరైన సైన్సు మాస్టార్లున్నారు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు వచ్చి తమ పని ఎలా ఉంటుందో పిల్లలకు చూపిస్తే మా ఉపన్యాసాలకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. కొత్త ఫారాలు అచ్చుకు పంపాం. గ్రూపు గడి పక్కన ఈసారి ఇంకో గడి పెట్టాం: ‘ఈ గ్రూపు ఎందుకు?’ అది నింపాల్సింది తండ్రి కాదు, బిడ్డ. ఎంపీసీకి వెళ్లిన ఆ అమ్మాయి చెల్లెలు వచ్చే ఏడాది పది పూర్తి చేస్తుంది. ఆమె అబ్బాకు ఈ సంచిక ఒక ప్రతి మేమే ఇంటికి తీసుకెళ్లి ఇస్తాం.